వరండా గారూ, ఆ పంక్తి ఎవరిది?

పంతొమ్మిది వందల తొంభై రెండవ సంవత్సరం, జూన్ నెల ఒకటవ తేదీ, సోమవారం ఉదయాన, నగర నీటి సరఫరా సంస్థ కంప్యూటర్ విభాగంలో, ఈ నెలాఖరున పదవీ విరమణ చేయనున్న సీనియర్ సిస్టమ్స్ అధికారి, యావత్ కార్యాలయమూ 'వరండా గారు' అని ప్రేమగా పిలుచుకునే మన పెద్దలు, ఉద్యోగంలో ప్రవేశించారు. అదే ఉదయాన, అదే గుమ్మంలోంచి, వారికంటే ముందే వచ్చి బెంచీ మీద బుద్ధిగా కూర్చున్న మరొక యువకుడు కూడా ప్రవేశించాడు. వరండా గారి ప్రవేశం ఇప్పటికీ అందరికీ జ్ఞాపకమే. రెండవ యువకుడి ప్రవేశం జీతాల విభాగానికి తప్ప ఇంకెవరికీ జ్ఞాపకం లేదు. ఆ రెండవ యువకుడే ఈ వ్యాసకర్త.

ఈ ప్రత్యేక సంచిక సంపాదకత్వ భారాన్ని వహిస్తున్న ఖాతాల మేడం గారు ఈ వ్యాసం రాయమని కోరినప్పుడు ఇతడు వెంటనే ఒప్పుకోలేదు.

"మీరిద్దరూ ఒకే రోజు చేరారు కదండీ. ఆయన గురించి మీకు తెలిసినంత ఇంకెవరికి తెలుస్తుంది?" అన్నారు మేడం.

"తెలుసు కాబట్టే వద్దంటున్నాను. రాస్తే నిజం రాస్తాను మరి."

"నిజమే రాయండి బాబూ. ప్రతి సంచికలోనూ 'నిగర్వి, నిరాడంబరులు, మృదుభాషి' అని వేసి వేసి నాకే విసుగొచ్చింది. మనుషులు మారతారు గానీ వ్యాసం మారదు."

కావున నిజమే రాయబడుతున్నది. మొదటి నిజం: వరండా గారు నిగర్వి కారు, మృదుభాషి అసలే కారు, వారి గొంతు మూడంతస్తులకు వినిపిస్తుంది, పొగిడితే వారి ముఖం వెలిగిపోతుంది. రెండవ నిజం: ఈ వ్యాసకర్తకు వారంటే అసూయ. గౌరవంతో కూడిన అసూయ, స్నేహంతో కూడిన అసూయ అని సర్దిచెప్పుకోవచ్చు గానీ, ఎన్ని విశేషణాలు తగిలించినా అది అసూయే. ముప్పై ఏళ్లకు పైగా పక్క కుర్చీలో కూర్చొని, ఏ రోజుకారోజు తాజాగా పడిన అసూయ.

వరండా గారి తొలి నియామకం భూగర్భ అంతస్తులోని టేపుల గదిలో జరిగింది. నగరంలోని నీటి బిల్లుల లెక్కలన్నీ ఆ రోజుల్లో పళ్లేలంత వెడల్పైన టేపుల మీద ఉండేవి. కాలం చెల్లిన టేపును చెరిపి కొత్త లెక్క ఎక్కించడం ఆ ఇద్దరు యువకుల కర్తవ్యం. ఈ వ్యాసకర్త టేపు మీది చీటీ చూసి, తేదీ చూసి, నిబంధన ప్రకారం చెరిపేసేవాడు. వరండా గారి పద్ధతి వేరు. వారు టేపును చంకలో పెట్టుకొని మెట్లెక్కి వచ్చి, పై హాలు మధ్యలో నిలబడి, "పోయినేడు చివరి మూడు నెలల టేపు చెరిపేస్తున్నాను. ఎవరికైనా కావాలంటే ఇప్పుడే చెప్పండి" అని గొంతెత్తి పిలిచేవారు. కాసేపు ఆగేవారు. ఎవరూ పలకకపోతే దిగి వెళ్లి చెరిపేవారు.

మొదట్లో అందరూ నవ్వారు. "ఏంటయ్యా, కోర్టులో సాక్షిని పిలిచినట్టు" అని ఆటపట్టించారు. ఒకనాడు అలా పిలుస్తుండగా బిల్లుల అధికారి చేతిలోని పెన్ను కింద పడేసి, "ఆగండాగండి, అది నాకు కావాలి" అని పరుగెత్తుకొచ్చారు. అంతటితో నవ్వులు ఆగిపోయాయి. పిలుపు కార్యాలయ సంప్రదాయమైంది. ఇది చెరుపుతున్నాము అని హాలులో నిలబడి పిలవనిదే మన విభాగంలో నేటికీ దేన్నీ చెరపరు. గొంతు ఇంకా బాగా వినిపించాలని ఎవరో వారికి ఒక ముక్కాలిపీట కూడా తెచ్చి వేశారు. ఈ వ్యాసకర్త పిలవకుండా చెరిపిన టేపుల్లో ఒక్కటంటే ఒక్కటి కూడా పొరపాటున పోలేదు. అయినా ఇతనికి ఎవరూ పీట వేయలేదు.

తదనంతర కాలంలో టేపులు పోయి సర్వర్లు వచ్చాయి, భూగర్భం నుంచి మూడవ అంతస్తుకు మన విభాగం ఎదిగింది, విభాగంతో పాటు వరండా గారూ ఎదిగారు. ఒకే రోజు చేరిన ఇద్దరిలో వారికి మొదట పదోన్నతి లభించింది. ఇతనికి లభించినది వారి సన్మాన సభలో వందన సమర్పణ చేసే అవకాశం. వాహనాలు నిలిపే చోట మధ్యాహ్నం నీడ పడే స్థలం ఒక్కటే ఉంది. అక్కడ వారి స్కూటరు ఉండేది, ఎవరూ కేటాయించలేదు, ఎవరూ అడగలేదు, అది వారిదైపోయింది. ఈ వ్యాసకర్త నెత్తి మీద వెంట్రుకలు ఒక్కొక్కటే సెలవు పుచ్చుకుంటున్న సంవత్సరాల్లో కూడా వారి జుట్టు నిమ్మకు నీరెత్తినట్టు అలాగే ఉండిపోయింది. ఇది ఉద్యోగ జీవితానికి సంబంధించిన విషయం కాదని ఖాతాల మేడం గారు అభ్యంతరం తెలిపారు. అసూయకు సంబంధించిన విషయమని ఇతడు సమాధానమిచ్చాడు.

ఇంట్లోనైనా మనశ్శాంతి ఉందా అంటే అదీ లేదు. ఒక సెలవు రోజున రెండు కుటుంబాలూ కలిసి భోజనం చేసి వచ్చాక, ఇతని శ్రీమతి గిన్నెలు సర్దుతూ, "అన్నయ్యగారిని చూసి కాస్త నేర్చుకోండి. వదిన ఏం చెప్పినా ఎంత శ్రద్ధగా వింటారో" అన్నది.

"వింటారు. విని ఆ మాటే రేపు తన మాటగా చెబుతారు."

"చెబితే చెప్పనివ్వండి. విన్నట్టే కదా. మీరు విననూ వినరు, చెప్పనూ చెప్పరు."



ఇక వరండా గారి వృత్తి జీవితంలో మకుటాయమానమైన ఘట్టానికి వద్దాము. కుటుంబ సభ్యుల సౌకర్యార్థం ఇక్కడ కొంచెం వివరించడం అవసరం. కంటైనరు అంటే ఒక ప్రోగ్రాము తనకు కావలసిన సామానంతా సర్దుకొని కూర్చునే పెట్టె. పని తీరాక పెట్టెను ఆపేస్తాము. పెట్టె ఆగిపోతుంది గానీ, అది ఫైళ్లు దాచుకోవడానికి వాడుకున్న గదులు, అంటే డైరెక్టరీలు మాత్రం డిస్కు మీద అలాగే పడి ఉంటాయి, ఇల్లు మారినవాళ్లు వదిలేసి వెళ్లిన అట్టపెట్టెల్లాగా. అవి పేరుకుపోయి డిస్కు నిండిందంటే బిల్లుల కౌంటరు మొదలు ఫిర్యాదుల ఫోను వరకు సమస్తం స్తంభించిపోతుంది. కనుక వాటిని తుడిచేయాలి. తుడిచే ఆజ్ఞ చాలా పొట్టిది. కానీ ఒకసారి మీట నొక్కాక బ్రహ్మదేవుడు దిగి వచ్చినా తుడిచినదాన్ని తిరిగి తేలేడు. డైరెక్టరీ పేరు ఉండవలసిన చోట పొరపాటున ఖాళీ ఉంటే, ఏదని చెప్పలేదు కాబట్టి అన్నీ కాబోలనుకొని, సర్వరును పై నుంచి కింది దాకా ఊడ్చిపారేయగల ఆజ్ఞ అది.

ఈ ప్రమాదకరమైన పనిని క్షేమంగా జరిపించేందుకు వరండా గారు ఒక షెల్ స్క్రిప్టు రాయ సంకల్పించారు. స్క్రిప్టు అంటే యంత్రానికి వరుసగా రాసిపెట్టిన ఆజ్ఞల పట్టిక. అది పై నుంచి చదువుకుంటూ ఒక్కొక్కటే నెరవేర్చుకుపోతుంది. పేరు ఖాళీగా ఉంటే అక్కడే ఆగిపోవాలి. పెట్టె ఇంకా నడుస్తూ ఉంటే ఆగిపోవాలి. తుడిచే మనిషి ఊరికే 'అవును' అంటే చాలదు, తుడవబోయే డైరెక్టరీ పేరంతా తన చేత్తో టైపు చేయాలి. అప్పటికీ వెంటనే తుడవకూడదు. 'వరండా' అని పేరు పెట్టిన ఒక చోటికి దాన్ని జరిపి, కొంతకాలం అక్కడ ఉంచి, ఎవరూ వెతుక్కుంటూ రాలేదని తేలాకనే తుడవాలి. వారికి ఆ బిరుదు అక్కడి నుంచే వచ్చింది. అప్పటి నుంచి మన కార్యాలయంలో సెలవు చీటీ నుంచి సంబంధాల దాకా తేల్చుకోలేని ప్రతి విషయాన్నీ 'వరండాలో పెట్టండి' అనడం వాడుకైపోయింది. ఒక మనిషి మాట ఊరంతటి మాట కావడం ఎంత అదృష్టమో చెప్పనక్కర్లేదు. ఈ వ్యాసకర్త కూడా జీవితంలో చాలా మాటలు అన్నాడు.

అన్నాడు అంటే గుర్తొచ్చింది. వరండా గారికి తాము రాసినదాన్ని ఎవరికో ఒకరికి పైకి చదివి వినిపించనిదే తోచదు. స్క్రిప్టు దాదాపు పూర్తయిన రోజుల్లో, టీ మిషను పక్కన గోడకు ఆనుకొని, వారు మొదటి నుంచి చివరి దాకా చదివారు. ఈ వ్యాసకర్త కప్పులో పంచదార కలుపుకుంటూ విన్నాడు.

"ఎలా ఉంది తమ్ముడూ?"

"బాగుందన్నా. లోపల తలుపుంటే ఏం చేస్తారు?"

"తలుపేంటి?"

"పక్క డిస్కు ఏదైనా ఆ డైరెక్టరీలోకి మౌంటు చేసి తగిలించి ఉందనుకోండి. చూడ్డానికి అది కూడా మన గదిలాగే ఉంటుంది. మీ చీపురుకేం తెలుసు? ఆ తలుపులోంచి పక్కింట్లోకి పోయి వాళ్ల సామాను కూడా ఊడ్చేసి వస్తుంది. ముందు తలుపు ఉందేమో చూసి, ఉంటే ఆగిపొమ్మని ఒక్క లైను పెట్టండి."

వరండా గారు కప్పులోకి చూస్తూ "ఊఁ" అన్నారు. అంతే అన్నారు. మర్నాటికి ఆ పంక్తి స్క్రిప్టులో ఉంది.

వారం తిరక్కుండానే జరిగిన సమావేశంలో చీఫ్ ఇంజనీరు గారు స్క్రిప్టును ఆసాంతం పరిశీలించి, సరిగ్గా ఆ పంక్తి దగ్గరే వేలు పెట్టి, "ఇది మాత్రం నాకు తట్టేది కాదండీ. ఎలా ఆలోచించారు?" అని అడిగారు. హాలంతా వారి వైపు చూసింది. ఈ వ్యాసకర్త కూడా చూశాడు, కొంచెం వెన్ను నిటారుగా పెట్టుకొని, పేరు పిలవగానే లేచి నిలబడడానికి సిద్ధంగా. వరండా గారు చిరునవ్వుతో, "ఏదో తట్టింది సార్" అన్నారు.

అరికాలి మంట నెత్తికెక్కడమంటే ఏమిటో ఈ వ్యాసకర్తకు ఆనాడు తెలిసింది. లేచి 'అది నేను చెప్పింది' అందామంటే, ఒక్క పంక్తి కోసం ఇంత చిన్నబుద్ధా అనుకుంటారేమోనని సిగ్గు. ఊరుకుందామంటే కడుపు మండిపోతోంది. చివరకు ఊరుకున్నాడు. ఆ ఊరుకోవడం పదేళ్ల పైచిలుకు సాగింది. ఆ పదేళ్లలో ఇతడు కోరుకున్నది పదోన్నతి కాదు, నీడలో స్కూటరు కాదు, ముక్కాలిపీట కాదు. ఆ పంక్తి ఎవరిదో వారు ఒక్కసారి, పదిమందిలో, తమంతట తాముగా చెప్పాలి. అంతే.

మధ్యలో దేవుడు ఈ వ్యాసకర్త వైపు ఒక్క పూట చూశాడు. ఒక ఉదయం బిల్లుల కౌంటర్లన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. వరుసలో నిలబడ్డ జనం గుమ్మం దాటి వీధిలోకి పెరిగిపోయారు. చూస్తే డిస్కు నిండిపోయింది. తుడిచేవన్నీ ఎప్పటికప్పుడు తుడుస్తూనే ఉన్నాము కదా, ఎలా నిండిందని అందరూ తలలు పట్టుకుంటే, కారణాన్ని కనిపెట్టినది ఈ వ్యాసకర్త. వరండా కూడా అదే డిస్కు మీద ఉంది. పైగా వరండా గారు 'ఇంకో వారం చూద్దాం, ఇంకో వారం చూద్దాం' అంటూ అందులోంచి ఒక్కదాన్ని కూడా తుడవలేదు.

"అన్నా, హాల్లో సామాను వరండాలోకి జరిపితే ఇల్లు ఖాళీ అవుతుందా?" అని అందరి ముందూ అడిగాడు ఇతడు. హాలంతా గొల్లుమంది. ఆ క్షణాన ఈ వ్యాసకర్త అనుభవించిన ఆనందం వర్ణనాతీతం. దాన్ని దాచుకోవలసిన అవసరం కూడా ఇతనికి కనిపించడం లేదు.

అయితే ఆ ఆనందం మధ్యాహ్నం దాకా కూడా నిలవలేదు. ఈ వ్యాసకర్త చలిగా ఉండే సర్వర్ల గదిలో ఒంటరిగా కూర్చొని వరండాను ఖాళీ చేస్తూ ఉండగా, వరండా గారు నేరుగా కిందికి దిగి, వరుసలో నిలబడ్డ జనం ముందుకు వెళ్లి నిలబడ్డారు. "తప్పు నాదేనండీ. పాత సామాను పారేయడానికి మనసొప్పక ఇల్లంతా నింపేశాను. ఒక గంట ఓపిక పట్టండి, మావాళ్లు సర్దుతున్నారు" అన్నారు. హాలులోని కుర్చీలను తామే మోసుకుపోయి పెద్దవాళ్లను కూర్చోబెట్టారు. వరుసలోని ఒక పెద్దావిడ, "మా ఆయనా ఇంతే నాయనా, విరిగిన గొడుగు కూడా పారేయనివ్వడు" అన్నదట. అందరూ నవ్వారట. కౌంటర్లు తిరిగి నడిచేసరికి జనం వారికి చేతులు ఊపుతూ వెళ్లారట. అన్నీ 'అట'లే, ఎందుకంటే ఇతడు ఆ సమయంలో పైన వణుకుతూ పని చేస్తున్నాడు.

సాయంత్రం వదినగారు ఫోను చేసి, "మీ అన్నయ్య సంగతి తెలిసిందేగా. మా ఇంట్లో నిజం వరండాలోనే మనిషి నిలబడే చోటు లేదు" అని నవ్వారు. మరొకరెవరికైనా ఇలాంటి పొరపాటు మాయని మచ్చ అయ్యేది. వారికి మాత్రం అలంకారమైంది. వరండాలో దేనికైనా వారం మించి గడువు లేదని, వారం తీరగానే దానంతటదే తుడుచుకుపోవాలని స్క్రిప్టులో సవరణ జరిగింది. ఆ సవరణ కూడా ఈ వ్యాసకర్తే చేశాడు. అది మాత్రం ఎవరూ వారిదనుకోలేదు, ఎందుకంటే దాని గురించి ఎవరూ ఏమీ అనుకోలేదు.

గత మాసంలో జరిగిన సంఘటన అందరికీ తెలిసినదే అయినా ఇక్కడ పొందుపరచడం కర్తవ్యం. పాత సర్వరును విరమింపజేసే సందర్భంగా అందులోని ఆగిపోయిన కంటైనర్ల డైరెక్టరీలను తుడవవలసి వచ్చింది. తమ చేతి మీదుగా జరిగే చివరి తుడుపు కనుక వరండా గారు కొత్త చొక్కా ధరించి వచ్చారు. పీట ఎక్కి ఒక్కొక్క పేరే పిలిచారు. గొంతులో ఆ పటుత్వం ఏ మాత్రం తగ్గలేదు. ఎవరూ పలకలేదు. ఎలా పలుకుతారు? మ్యాపుల విభాగమంతా ముందు వారమే వీధికి అవతలి వైపున్న కొత్త భవనంలోకి మారింది. ఖాళీ బల్లలకు వినిపించిన పిలుపును హాలు ఒప్పుకున్నట్టుగా అందరమూ భావించాము. ఈ వ్యాసకర్త కూడా భావించాడు.

వారు పేర్లు టైపు చేశారు. స్క్రిప్టు నడిచింది. ఒకటి వరండాలోకి పోయింది, మరొకటి పోయింది, తర్వాతి దాని దగ్గర ఆగిపోయింది. తెర మీద ఒకే మాట: 'లోపల మౌంటు ఉంది. తుడవను.'

విచారించగా తేలినదేమంటే, భూమిలో పరిచిన నీటి గొట్టాల పటాలన్నీ ఉన్న డిస్కును మ్యాపుల విభాగం వారు ఎప్పుడో ఒక పనికోసం ఆ పెట్టెలోకి తగిలించి, విప్పడం మరిచిపోయారు. వరండాలో పెట్టినా అది బయటపడేది కాదు. పటాలు వారి దగ్గర యథాతథంగా తెరుచుకుంటూనే ఉండేవి, వారంపాటు ఎవరికీ ఏ లోటూ కనిపించేది కాదు. గడువు తీరిన రోజున చీపురు ఆ తలుపులోంచి వెళ్లి అన్నింటినీ ఊడ్చేసేది. నకళ్లు ఉన్నాయి గానీ పాతవి. ఏ వీధిలో ఎక్కడ తవ్వాలో తెలియజెప్పే ఈ ఏటి సర్వే అంతా పోయేది.

మ్యాపుల మేడం వీధి దాటి పరుగున వచ్చి వారి రెండు చేతులూ పట్టుకున్నారు. "మీరు లేకపోతే ఏమైపోయేవాళ్లమండీ" అన్నారు, కళ్లు తుడుచుకుంటూ.

"మనదేముందమ్మా. ఆ రోజు ఎందుకో తట్టింది" అన్నారు వరండా గారు.

చప్పట్లు మోగాయి. అందరికంటే గట్టిగా కొట్టినది ఈ వ్యాసకర్తే. తన పంక్తికి తానైనా కొట్టుకోకపోతే ఇంకెవరు కొడతారు?

ఆ సాయంత్రం మెట్లు దిగుతూ ఇతడు అడిగేశాడు. పుచ్చుకోబోయే విరమణ వారిదే గానీ, ఇక ఊరుకోవడం నుంచి ఇతడు కూడా విరమించుకోదలిచాడు.

"అన్నా, ఆ లైను ఎవరిదో గుర్తుందా?"

"ఏ లైను?"

"ఇవాళ ఆపిందే. తలుపు లైను."

"నాదేగా" అన్నారు వారు. ఆ అనడంలో కల్లాకపటం లేదు. అదే ఇంకా కష్టం. అబద్ధమైతే పోట్లాడవచ్చు.

"నేను చెప్పానన్నా. టీ మిషను దగ్గర. నేను చెప్పిన మర్నాడు మీరు రాశారు."

వరండా గారు మెట్టు మీద ఆగిపోయి, సంచీ ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకొని, చాలాసేపు నిజాయితీగా ఆలోచించారు. "చెప్పే ఉంటావులే. అబద్ధమాడే మనిషివి కాదు. కానీ నాకు గుర్తు రావట్లేదు తమ్ముడూ. నువ్వు రోజూ ఏదో ఒకటి చెబుతావు, నేను వింటాను. ఇంటికెళ్లేలోపు ఏది నువ్వన్నదో ఏది నేననుకున్నదో కలిసిపోతాయి. మొదట్నుంచీ అంతేగా మనకి."

మనకి అన్నారు.

"పోనీ, సభలో అందరికీ చెప్పమంటావా? నాకు గుర్తులేకపోయినా నీ మాట మీద చెబుతాను."

పదేళ్లుగా ఎదురుచూసిన మాట అరచేతిలోకి వచ్చి కూర్చుంది. అప్పుడు ఈ వ్యాసకర్త ఏమన్నాడో పాఠకులు ఊహించగలరు.

"అక్కర్లేదులే అన్నా" అన్నాడు.

"సరే అయితే" అన్నారు వారు, భుజం తట్టి, మిగిలిన మెట్లు దిగి వెళ్లిపోయారు. రెండోసారి బతిమాలతారని ఇతడు అనుకున్నాడు. బతిమాలలేదు. కింది మెట్టు చేరేసరికే ఇతనికి తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. కానీ వారికి గుర్తు వచ్చి చెప్పడం వేరు, ఇతని మాట మీద చెప్పడం వేరు. ఇతనికి కావలసినది మొదటిది. అది అడిగి పుచ్చుకునేది కాదు.

తుడిచే అధికారం మన విభాగంలో ఎప్పుడూ ఒక్కరి చేతిలోనే ఉంటుంది. అది ఇక ఎవరికి అప్పగించాలని చీఫ్ ఇంజనీరు గారు పోయిన శుక్రవారం అడిగినప్పుడు వరండా గారు ఒక్క క్షణం కూడా తడుముకోకుండా, "ఎవరికేంటి సార్, తమ్ముడికే. వాడు చేస్తే నేను చేసినట్టే" అన్నారు. గౌరవమూ, గాయమూ ఒకే వాక్యంలో ఇవ్వగలగడం వారికి వెన్నతో పెట్టిన విద్య.

ఇప్పుడు స్క్రిప్టు ఈ వ్యాసకర్త చేతిలో ఉంది. ఏ అక్షరమైనా మార్చవచ్చు. అడిగేవారు లేరు. శుక్రవారమే ఆ పంక్తి దగ్గరికి వెళ్లి, దాని పైన తన పేరు టైపు చేశాడు. కాసేపు చూసుకున్నాడు. బాగానే ఉంది. తర్వాత అక్షరం అక్షరం వెనక్కి చెరిపేశాడు. ఎందుకంటే, పిలవనిదే దేన్నీ మార్చని కార్యాలయం ఇది. ఎవరూ వినని చోట తన పేరు తాను రాసుకోవడం ఇతనికి నచ్చలేదు.

వ్యాసాన్ని ఇంతవరకు చదివి ఖాతాల మేడం గారు కళ్లజోడు తీసి, "ఇది అభినందనా, ఫిర్యాదా?" అని అడిగారు.

"రెండూనండీ."

"ఆయన చదువుతారు కదా?"

"చదవాలనే కదా రాసింది."

ఆవిడ కళ్లజోడు పెట్టుకొని, ఒక్క అక్షరం కూడా కొట్టివేయకుండా ముద్రణకు పంపారు. ఆవిడకు ఈ వ్యాసకర్త కృతజ్ఞతలు.

పెద్దలైన వరండా గారికి, ముప్పై ఏళ్లకు పైగా నీడలోని చోటును, పీటను, ప్రేమను ఏకచ్ఛత్రంగా ఏలిన తమకు, ఇతడు మనస్ఫూర్తిగా శిరస్సు వంచి నమస్కరిస్తున్నాడు. ఈ సంచిక తమ చేతికి అందే రోజుకు ఇతని అసూయ పూర్తిగా తుడుచుకుపోతుందని చెప్పలేడు. దాన్ని వరండాలో పెట్టాడు. వరండాలో పెట్టినంత మాత్రాన చోటు ఖాళీ కాదని అందరికంటే ముందు కనిపెట్టినవాడు కూడా ఇతడే గనుక ఆ విషయంలో ఇతనికి భ్రమలు లేవు.

ఇక మిగిలినది పిలుపు. అధికారం చేతికి వచ్చాక ఈ వ్యాసకర్త చేస్తున్న మొదటి పిలుపు ఇదే. తమరున్నంతకాలం తమ పీట తమదే కనుక, నేల మీదే నిలబడి, తమ కుటుంబ సభ్యులూ సహోద్యోగులూ అందరూ వింటుండగా పిలుస్తున్నాడు: తలుపు ఉందేమో చూసి ఆగిపొమ్మన్న ఆ పంక్తి ఎవరిది? టీ మిషను ఇంకా అక్కడే ఉంది. గోడకు ఆనుకున్న చోట సున్నం తమ వీపుకి అరిగిన గుర్తు కూడా ఉంది. ఎప్పుడు వచ్చి నిలబడి జ్ఞాపకం చేసుకున్నా అభ్యంతరం లేదు. పంచదార ఇతడు కలుపుతాడు.

పిలిచి వరండాలో పెట్టినదానికి మన కార్యాలయంలో గడువు వారమే. ఈ ఒక్క పిలుపుకు మాత్రం, నూతన అధికారి హోదాలో, గడువును తమ ఆయుష్షంతగా పొడిగించడమైనది. కావున అన్నా, తమరు వదినగారితో కలిసి, ఆ నల్లని జుట్టుతో, మూడంతస్తులకు వినిపించే ఆ గొంతుతో, ఆరోగ్యంగా, తీరిగ్గా, నూరేళ్లూ ఉండండి. గుర్తుకు వచ్చేదాకా ఉండండి. ఈ తమ్ముడికి తొందరేమీ లేదు.